బడి సొమ్ము: ఇచ్చినవారి మాట, పంపినవారి మాట

పోచారం పేరు చెప్పగానే ఎక్కువమందికి అభయారణ్యమూ అందులోని జింకలూ గుర్తుకు వస్తాయి. చరిత్ర మీద కొంచెం మక్కువ ఉన్నవారికి ఆనకట్ట గుర్తుకు వస్తుంది. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1916లో మొదలై 1922లో పూర్తయిన కట్టడమది. మంజీరలో కలిసే ఆలేరు వాగుకు అడ్డంగా నిలిచి, నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలాలలో సుమారు 10,500 ఎకరాల ఆయకట్టుకు ఆధారమైంది. నాకు మాత్రం కట్ట కన్నా కట్ట కింది ఏర్పాటు మీద ఆసక్తి ఎక్కువ. ఆనకట్టను సర్కారు కట్టింది. నీళ్లు పంచుకోవలసినది రైతులు. వానలు తక్కువైన ఏడు యాసంగికి ఎంత భూమి తడపాలో తేల్చే తైబందీ, తూము దగ్గరి మడికీ కాలువ చివరి మడికీ మధ్య తగవు, ఎవరి వంతు ఎప్పుడన్న లెక్క – ఇవన్నీ తెలంగాణ పల్లెలకు తరతరాలుగా తెలిసిన విద్యలే.

ఈ వ్యాసం నీటి తగవు గురించి కాదు. దానికి తోబుట్టువు వంటి మరొక తగవు గురించి. ఊరిబడి పేరిట పోగైన సొమ్మును దేనికి ఖర్చు చేయాలి? ఆ మాట చెప్పే హక్కు ఎవరిది – సొమ్ము ఇచ్చినవారిదా, పిల్లలను పంపినవారిదా? పైకి చిన్నదిగా కనిపించే ఈ ప్రశ్నకు మన ప్రాంతంలో నూరేళ్ల చరిత్ర ఉన్నది. ఈ నూరేళ్లలో జవాబు నాలుగైదు సార్లు మారింది. ఆ మార్పులను వరుసగా చూస్తే తప్ప నేటి తగవు అర్థం కాదని నా నమ్మకం.

నిజాము రాజ్యంలో తెలుగు చదువు చాలవరకు చందాల మీద బతికింది. 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టలు వెలసింది. రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పూనికకు సంస్థానాధీశుల, భూస్వాముల విరాళాలు తోడయ్యాయి. పేరులో ఒక కులమున్నా ఇతర కులాల విద్యార్థులకూ అక్కడ చోటు దొరికింది. 1928లో మాడపాటి హనుమంతరావు ప్రభృతులు స్థాపించిన ఆంధ్ర బాలికల పాఠశాలది మరో కథ. తెలుగు మాధ్యమానికి ఇక్కడ గుర్తింపు లేకపోవడంతో పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడవవలసి వచ్చింది. ఖాన్గీ బడి పెట్టాలంటే సర్కారు ముందస్తు అనుమతి కావాలన్న నిబంధన మీద ఆంధ్రమహాసభ పోరాడింది. ఆ సభ తొలి సమావేశం 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన జోగిపేట, పోచారం నుంచి మెదకు దాటి వెళితే వచ్చే ఊరే.

ఆ కాలంలో మన ప్రశ్నకు జవాబు తేలిక. సొమ్ము ఇచ్చినవారే నిర్వాహకులు, నిర్వాహకులదే మాట. బిడ్డను పంపిన తండ్రి కృతజ్ఞుడుగా ఉండడమే తప్ప లెక్క అడిగే స్థితి లేదు. దీనిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ దాతలు లేకుంటే ఆ బడులే లేవు. అయితే దాతృత్వం నుంచి పుట్టిన ఒక అలవాటు మాత్రం ఆ తరంతో పోలేదు. బడికి ఇచ్చిన సొమ్ము దానమే కాని ఉమ్మడి నిధి కాదన్న అలవాటు అది.

దానిని చట్టం ద్వారా కదిలించిన ప్రయత్నం 1990ల చివర జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో సాగునీటి నిర్వహణను రైతులకు అప్పగించే చట్టం వచ్చింది. మరుసటి ఏడే, 1998లో, పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యానికి చట్టం వచ్చింది. జన్మభూమి నాటి మాటల్లో చెప్పాలంటే రెండింటి సూత్రమూ ఒక్కటే: వాడుకునేవారే నడుపుకోవాలి. కాలువకు నీటి వినియోగదారుల సంఘం, బడికి విద్యా కమిటీ. కాలువ సంఘంలో భూమి ఉన్నవారికి ఓటు. విద్యా కమిటీలో బడిలో బిడ్డ ఉన్నవారికి ఓటు. ప్రధానోపాధ్యాయుడు కన్వీనరు. సొమ్ము ఇచ్చినవారి నుంచి పిల్లలను పంపినవారి వైపుకు మాట మారిన సందర్భం, కనీసం కాగితం మీద, ఇది.

కవలల వంటి ఈ రెండు చట్టాల మధ్య ఎవరూ పెద్దగా పట్టించుకోని తేడా ఒకటున్నది. ఆయకట్టు రైతు తన భూమితో పాటు బతికినంతకాలం అక్కడే ఉంటాడు. పోయిన యాసంగిలో ఎవరి వంతు దాటిపోయిందో అతనికీ గుర్తే, పక్క మడి వానికీ గుర్తే. బడి తల్లిదండ్రుల సంగతి వేరు. బిడ్డ ఐదవ తరగతి దాటగానే తల్లి ఓటు పోతుంది. ఆమెతోపాటు మూడేళ్ల లెక్కల జ్ఞాపకమూ పోతుంది. ప్రధానోపాధ్యాయులు కూడా బదిలీ మీద వెళ్లేవారే. మిగిలేది తీర్మానాల పుస్తకం. అది సరిగా లేని చోట పాత కమిటీ కొన్న బెంచీలు ఎన్ని, ఖాతాలో మిగిల్చినదెంత అన్న తగవు కొత్త కమిటీ మెడకు చుట్టుకుంటుంది. ఉన్నదంతా అవినీతే అనుకోవడం మనకు సులువు. చాలా చోట్ల జరిగేది జ్ఞాపకం తెగిపోవడం.

తరువాత సర్వశిక్షా అభియాన్ వచ్చింది. దాని తొలి ఏళ్లలో బడికి ఏటా 2,000 రూపాయల పాఠశాల గ్రాంటు, బోధన సామగ్రికని టీచరుకు 500 రూపాయలు ఇచ్చేవారు. ఇక్కడ సొమ్ము చిన్నది, పద్దు పెద్దది. ఏ సొమ్ము దేనికన్నది పైనే రాసి ఉంటుంది. బడికి నీళ్ల కుండ కావాలన్నా, పద్దులో సున్నం వేయమని ఉంటే సున్నమే వేయాలి. సంతకం పెట్టే హక్కు కమిటీకి ఉన్నది. నిర్ణయించే హక్కు అంతంత మాత్రం. 2018లో సమగ్ర శిక్ష కింద ఈ గ్రాంట్లను కలిపి పిల్లల సంఖ్యను బట్టి ఒకే గ్రాంటుగా మార్చారు. అందులోనూ కనీసం పదోవంతు పారిశుద్ధ్యానికని నిబంధన. 2021 నుంచి కేంద్ర పథకాల సొమ్ము ఒకే కేంద్రీయ ఖాతా నుంచి నడవడం మొదలయ్యాక, బడి ఖాతాలో నిల్వ అన్న మాటకే విలువ తగ్గింది.

ఈ రెంటి నడుమ వచ్చినది విద్యాహక్కు చట్టం. 2009లో చేసి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చిన ఈ చట్టంలోని 21వ సెక్షను మన ప్రశ్నకు నేరుగా జవాబు చెబుతుంది. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలి. సభ్యులలో సగం స్త్రీలు ఉండాలి. సర్కారు నుంచి, స్థానిక సంస్థ నుంచే కాక, మరే ఇతర మార్గం నుంచి వచ్చిన సొమ్ము వినియోగాన్నయినా పర్యవేక్షించడం దాని పనులలో ఒకటి. 'మరే ఇతర మార్గం' అన్న మాటను నేను పదేపదే చదువుకున్నాను. పూర్వ విద్యార్థి పంపిన లక్ష రూపాయలూ, ఊరి పెద్ద ఇచ్చిన వాటరు ఫిల్టరూ కూడా పిల్లలను పంపిన తల్లి చూపు కిందికి రావలసినవే అని దాని అర్థం. అయితే చూపు వేరు, చెయ్యి వేరు. పర్యవేక్షించవచ్చు అనడానికీ నిర్ణయించవచ్చు అనడానికీ మధ్య ఉన్న సందులోనే నేటి తగవులన్నీ పుడుతున్నాయి.

ఆ తగవుల స్వభావం కొంచెం పరిశీలిస్తే ఒక పోకడ కనిపిస్తుంది. ఇచ్చినవారు కోరేది కనిపించే పని: కమాను, ప్రహరీగోడ, వేదిక, రంగులు, శిలాఫలకం. పంపినవారు కోరేది ఖర్చయిపోయే పని: టీచరు లేని సబ్జెక్టుకు ఒక విద్యా వాలంటీరు, మరుగుదొడ్డి కడిగే మనిషి, వాచ్‌మన్. మొదటి రకం ఒక్కసారి పెడితే నిలుస్తుంది, పేరు చెక్కించుకోవచ్చు. రెండవ రకం ప్రతి నెలా పెట్టాలి, ఎక్కడా పేరు ఉండదు. చెరువు కట్ట మీద రాజుల పేర్లు ఉంటాయి కాని తూము తిప్పిన నీరటి పేరు ఉండదు. ఆ నీరటి లేకపోతే కట్ట ఉండి ఏం లాభమని అడిగే రైతు ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. బడిలో ఆ మాట అడిగే తల్లికి మన సభల్లో ఇంకా సరైన చోటు దొరకలేదు.

ఉమ్మడి నిజామాబాదు జిల్లాకు మరో చిక్కు కూడా ఉన్నది. ఇక్కడి పల్లెల్లో గ్రామాభివృద్ధి కమిటీలు బలమైనవి. చట్టంలో వాటికి చోటు లేదు. వేలంపాటల ద్వారా సొమ్ము పోగుచేసి గుడికీ, దారికీ, బడికీ ఖర్చు చేసిన మంచి వాటి ఖాతాలో ఉన్నది. మాట వినని కుటుంబాలను వెలివేసిన చెడు కూడా వాటి ఖాతాలోనే ఉన్నది. పత్రికల్లోనూ పోలీసు కేసుల్లోనూ ఎక్కిన సంగతే ఇది. బెల్టుషాపు వేలంలో వచ్చిన సొమ్ముతో బడికి గది కడితే, ఆ గది గురించి ప్రశ్నించే ధైర్యం ఏ తల్లికి ఉంటుంది? సొమ్ము ఎక్కడి నుంచి వచ్చినదన్నదే, లెక్క అడగగలమా లేదా అన్నదానిని ముందే తేల్చేస్తుంది.

ఇది మన పేదరికం వల్ల పుట్టిన తగవు అనుకునే మిత్రులకు ఒక్క దూరపు ఉదాహరణ చెబుతాను. అమెరికాలో తల్లుల జాతీయ మహాసభ పేరిట 1897లో మొదలైన ఉద్యమమే తరువాత పి.టి.ఏ.గా పెరిగింది. కాలిఫోర్నియాలోని శాంటామోనికా–మాలిబు విద్యామండలి 2011లో ఒక నిర్ణయం చేసింది. సిబ్బంది కోసం తల్లిదండ్రులు పోగుచేసే విరాళాలు ఏ బడికాబడిలో కాక మండలం మొత్తానికి ఉమ్మడిగా చేరాలన్నది. సంపన్నుల మాలిబు నుంచి తీవ్రమైన నిరసన వచ్చింది. మా పిల్లల బడికి ఇచ్చినది మా పిల్లల బడిలోనే ఉండాలని వారి వాదన. గమనించవలసినది ఏమిటంటే అక్కడ ఇచ్చినవారూ పంపినవారూ ఒక్కరే. అయినా తగవు తప్పలేదు. ఒక బడి తల్లి పక్క బడి బిడ్డకు ఏమవుతుందన్న కొత్త ప్రశ్న పుట్టింది. మన కాలువ భాషలో చెప్పాలంటే అది తూము మడికీ చివరి మడికీ మధ్య తగవు.

మళ్లీ ఇంటికి వద్దాం. 2022 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం 'మన ఊరు – మన బడి' ప్రారంభించింది. 26,065 బడులకు మూడు విడతల్లో 7,289 కోట్ల రూపాయల పైచిలుకు అంచనా. పన్నెండు అంశాలు: మరుగుదొడ్లు, కరెంటు, తాగునీరు, బల్లలు, రంగులు, మరమ్మతులు, రాతబోర్డులు, ప్రహరీలు, వంటషెడ్లు, కొత్త గదులు, భోజనశాలలు, డిజిటల్ సదుపాయాలు. అన్నీ కావలసినవే. కాని పన్నెండింటిలో జీతమిచ్చి పెట్టుకోవలసిన మనిషి ఒక్కడూ లేడు. 2024 మార్చిలో మరో ప్రభుత్వం అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలను ఏర్పాటు చేసి బడి పనులు వాటికి అప్పగించింది. పల్లెల్లో వాటికి అధ్యక్షురాలు గ్రామైక్య సంఘం అధ్యక్షురాలు. అదే ఏడు ఆగస్టులో బడి శుభ్రతకు నెలకు 3,000 నుంచి 20,000 రూపాయల వరకు, పిల్లల సంఖ్యను బట్టి, ఈ కమిటీల ద్వారా ఇవ్వడానికి ఉత్తర్వు వచ్చింది. కడిగే మనిషికి కూడా ఒక పద్దు దొరకడం, నా దృష్టిలో, రంగుల కన్నా గొప్ప సంగతి.

పొదుపు సంఘాల స్త్రీలకు లెక్కల క్రమశిక్షణ ఉన్నది. ప్రతి వారం పుస్తకం రాసుకున్న చేతులవి. అయినా నా అనుమానం ఒకటి నిలిచే ఉన్నది. తల్లిదండ్రుల ఓటుతో వచ్చిన కమిటీ ఒకటి, సంఘం హోదాతో వచ్చిన కమిటీ మరొకటి. ఒకే బడిలో రెండు కమిటీలు ఉంటే పంపినవారి మాట ఎవరి నోట పలకాలి? ప్రతి పథకానికీ ఒక కొత్త కమిటీ పుట్టినప్పుడల్లా పాత కమిటీ నేర్చుకున్న తగవులాడే విద్య వృథా అవుతున్నది.

అవును, దానిని విద్య అనే అంటాను. ఉమ్మడి సొమ్ము మీద తగవు పడడం సిగ్గుపడవలసిన పని కాదు. తగవు లేని బడి అంటే అందరూ ఏకాభిప్రాయంతో ఉన్న బడి కానక్కరలేదు. ఎవరికీ పట్టని బడి కూడా కావచ్చు. ఆయకట్టు రైతులు తగవులాడుతూనే వంతులు కనిపెట్టారు. బడికీ అటువంటి కొన్ని వంతులు కావాలి. వచ్చిన సొమ్మూ పోయిన సొమ్మూ బడి గోడ మీద, అందరూ చదవగల తెలుగులో రాయాలి. తీర్మానంతో పాటు దానిని కాదన్నవారి మాట కూడా పుస్తకంలో ఎక్కాలి. పదవి దిగే కమిటీ, ఎక్కే కమిటీకి ఊరి ముందు లెక్క అప్పగించాలి. కమాను కట్టిస్తానని ముందుకు వచ్చిన దాతను, ఏడాది పాటు ఒక వాలంటీరు జీతం కూడా భరించమని మర్యాదగా అడగాలి.

ఇచ్చినవారికి కృతజ్ఞత చెల్లిద్దాం, శిలాఫలకం మీద పేరూ చెక్కిద్దాం. దేనికి ఖర్చు చేయాలన్న మాట మాత్రం, రేపు పొద్దున బిడ్డకు సంచి తగిలించి ఆ గేటు లోపలికి పంపబోయే తల్లికి వదిలేద్దాం.