గడ్డివాము చాటున ఐదుగురు



మన పల్లెల్లో గడ్డివాము ఎరుగనివారు ఉండరు. అమెరికాలో విలియమ్స్ కాలేజీ సహోదరుల కథ దాని చాటునే మొదలైంది. 1806 ఆగస్టులో ఐదుగురు విద్యార్థులు ఆరుబయట ప్రార్థనకు కూడగా, ఉరుములతో వాన వచ్చి వాము చాటుకు చేరారు. ఆసియాకు సువార్త పంపాలని శామ్యూల్ మిల్స్ అక్కడే పట్టుబట్టాడు. ఇంకా సమయం రాలేదని హార్వే లూమిస్ కాదన్నాడు.

1808లో మిల్స్, మరికొందరు కలిసి 'సహోదరులు' అనే రహస్య సంఘం పెట్టుకున్నారు. నియమావళిని సంకేత లిపిలో రాశారు. విశ్వాసులకు దాపరికమేమిటని నేనూ మొదట అనుకున్నాను. పని జరగకపోతే మిషను మాటే నవ్వులపాలవుతుందని వారి భయం. పైగా ఇందులో చేరడమంటే చందా కట్టడం కాదు, తానే వెళ్లడానికి సిద్ధపడడం.

ఆ సంఘం ఆండోవర్ సెమినరీకి మారాక అడోనిరామ్ జడ్సన్ చేరాడు. బర్మా వెళ్లాడు, బాప్టిస్టు అయ్యాడు. ఆయన మూలంగా 1814లో అమెరికా బాప్టిస్టులు మిషను సంఘం స్థాపించారు. మన తెలుగువారి దగ్గరకు శామ్యూల్ డేను పంపింది ఆ సంఘమే. 1840లో ఆయన నెల్లూరు చేరాడు.

మిల్స్ మాత్రం ఆసియాను చూడనే లేదు. 1818లో ఆఫ్రికా నుండి తిరిగివస్తూ సముద్రం మీదే మరణించాడు.

1867లో ఆ చోట పాలరాతి స్తంభం నిలిపారు. పైన భూగోళం, మత్తయి 13:38లోని పొలం మాట, చెక్కిన గడ్డివాము, కింద ఐదు పేర్లు. కాదన్న లూమిస్ పేరు కూడా ఉంది.