లాంగార్మ్ క్విల్టింగ్‌లో అంచులను తిన్నగా నిలపడం

లాంగార్మ్ క్విల్టింగ్ అంటే పైగుడ్డ, నడుమ దూది పొర, అడుగుగుడ్డ అనే మూడింటిని ఒక పొడవాటి చట్రానికి బిగించి, వాటిమీద కుట్టుమిషనును నడిపిస్తూ కలిపి కుట్టే పద్ధతి. మామూలు మిషను దగ్గర గుడ్డ కదులుతుంది, సూది ఉన్నచోటే ఉంటుంది. ఇక్కడ గుడ్డ నిలిచి ఉంటే, పట్టాలపై చక్రాలతో తిరిగే మిషనే ముందుకూ వెనక్కూ పక్కలకూ సాగుతుంది. అమెరికాలో 1980ల నుంచి, మిస్సోరీ రాష్ట్రంలోని వెస్ట్ ప్లెయిన్స్‌కు చెందిన గ్యామిల్ వంటి సంస్థల యంత్రాలతో, ఈ పద్ధతి ఇళ్లకూ చిన్న దుకాణాలకూ విస్తరించింది. తెలుగునాట పాత చీరలతో కుట్టే బొంతలోనూ పొరలను కలిపే సూత్రం ఇదే గానీ, నేలమీద పరచి కుట్టే బొంత మొత్తంగా కళ్లెదుటే ఉంటుంది. లాంగార్మ్ చట్రంపై కుట్టేవారికి ఒక్కసారికి కనిపించేది యంత్రపు చేయి అందుకోగలిగిన పట్టీ మాత్రమే. మిగిలినదంతా రోలర్లకు చుట్టుకుని ఉంటుంది కనుక, మొదట్లో పడిన చిన్న వంకర చివరిదాకా బయటపడదు. కొత్తగా నేర్చుకునేవారిని అంచుల సమస్య అంతగా వేధించడానికి కారణం ఇదే.

వంకర కనబడగానే గుడ్డను పట్టి లాగి సరిచేయాలన్న ఆలోచన సహజంగానే కలుగుతుంది గానీ, అంచును చెడగొట్టేవాటిలో మొదటిది ఆ లాగుడే. తిన్నని అంచు కొలతవల్ల వస్తుంది, ఆ కొలత చాలావరకు చట్రం ఎక్కకముందే నిర్ణయమైపోతుంది. పైగుడ్డను చిన్న చతురస్రపు ముక్కలను జతచేసి తయారుచేస్తారు. వరుసకు 12 ముక్కలుంటే 11 అతుకులు పడతాయి, ఒక్కో అతుకు దగ్గర అంగుళంలో పదహారో వంతు తేడా వచ్చినా ఆ వరుస పక్క వరుసకన్నా అర అంగుళానికి మించి పొట్టిదో పొడుగుదో అవుతుంది. చుట్టూ వేసే బార్డరు విషయంలో జరిగే పొరపాటు ఇంతకన్నా పెద్దది. నడిమధ్య 72 అంగుళాలున్న పైగుడ్డ, చేతులు మారుతూ ఇస్త్రీ కింద సాగుతూ అంచు దగ్గర 73.5 అంగుళాలకు చేరిందనుకుంటే, ఆ అంచు వెంబడే బార్డరును కుట్టుకుంటూ పోయి చివర కత్తిరించేవారు ఒకటిన్నర అంగుళాల అదనపు గుడ్డను దానిలో శాశ్వతంగా బంధించినట్టే; అది తరువాత అలలుగా లేస్తుంది. అందుకే నిడివిని మధ్యలోనూ ఇరుపక్కలకు దగ్గరగానూ కొలిచి, సగటు తీసి, బార్డరును ఆ కొలతకే ముందుగా కత్తిరించి, రెండు కొసలనూ నడిమినీ గుండుసూదులతో నిలిపి, మిగిలిన వదులును వాటి మధ్య సమంగా సర్దుతూ కుట్టాలి. పడుగు దిక్కున కత్తిరించిన పట్టీ పేక దిక్కుదానికన్నా తక్కువ సాగుతుంది, ఐమూలగా కత్తిరించినది అన్నిటికన్నా ఎక్కువ సాగుతుంది.

అడుగుగుడ్డ పైగుడ్డకన్నా ప్రతి పక్కా దాదాపు 4 అంగుళాలు ఎక్కువ ఉండాలి, దాని మూలలు లంబకోణంలో ఉండాలి. రోలర్లకు శాశ్వతంగా అతికి ఉండే కాన్వాసు పట్టీని లీడరు అంటారు. దాని నడిమి గుర్తుకు అడుగుగుడ్డ నడిమిని కలిపి, అక్కడినుంచి రెండు పక్కలకూ గుండుసూదులు గుచ్చుకుంటూ పోతారు. రెండు బట్టలు జతచేసిన అడుగుగుడ్డ అయితే ఆ అతుకు రోలరుకు సమాంతరంగా పడేలా ఎక్కించడం మేలు. అతుకు నిలువుగా పడితే, చుట్టు మీద చుట్టు పడేకొద్దీ రోలరుపై ఆ ఒక్కచోటే మందం పెరిగి, నడుమ గుడ్డ బిగుసుకుని పక్కలు జారిపోతాయి. బిగువు ఎంత ఉండాలన్నది చేతికి అలవాటు కావలసిన విషయం: కిందినుంచి వేలితో నెడితే గుడ్డ కొద్దిగా లేవాలి, డప్పులా మోగకూడదు. అడుగుగుడ్డను రెండు పక్కలా పట్టి ఉంచే క్లిప్పులను అతిగా లాగి కుడితే, వాటిని వదలగానే గుడ్డ వెనక్కి ముడుచుకుని అంచు వంపులు తిరుగుతుంది.

చక్రాలను ఒక దిక్కున బంధించి మిషనును అడ్డంగా గానీ నిలువుగా గానీ మాత్రమే కదలనిచ్చే అమరికను చానల్ లాక్ అంటారు. నేర్చుకునేవారికి ఇంతకన్నా నమ్మదగిన తోడు లేదు. అడ్డదిక్కున లాక్ వేసి దూది పొరమీద ఒక గీతలా కుట్టి, పైగుడ్డ పై అంచును సరిగ్గా ఆ గీతకు చేర్చి, అంచునుంచి ఎనిమిదో వంతు అంగుళం లోపల కచ్చా కుట్టు వేస్తారు. చివర అంచును మూస్తూ కుట్టే పావు అంగుళపు బైండింగు పట్టీ తరువాత దాన్ని కప్పేస్తుంది. ఆ స్థితిలో కుడి, ఎడమ అంచులు ఎక్కడున్నాయో లీడరుపై గుర్తు పెట్టుకుని, రోలరు తిప్పిన ప్రతిసారీ అంచు ఆ గుర్తుకిందికే వచ్చిందో లేదో చూసుకుంటూ, కనిపించినంత మేరకు పక్కలనూ కచ్చా కుట్టుతో పట్టుకుంటూ పోవాలి. కుట్టు పడ్డ గుడ్డ కొంత ముడుచుకుంటుంది కాబట్టి ఈ గుర్తులు లేకపోతే క్విల్ట్ కిందికి పోనుపోను సన్నబడుతుంది. పైగుడ్డలోని ఏదైనా అడ్డ అతుకు వెంబడి, లాక్ వేసిన మిషనును కుట్టకుండా నడిపి చూస్తే, వరుస ఒరిగిందా లేదా అన్నది వెంటనే తెలుస్తుంది.

కుట్టు సాంద్రత కూడా అంచును శాసిస్తుంది. నడుమ దట్టంగా కుట్టి బార్డరును పలుచగా వదిలేస్తే నడుమ ముడుచుకుని బార్డరు రెపరెపలాడుతుంది. రెండుచోట్లా సాంద్రత ఒకే తీరుగా ఉంటే ఆ తేడా రాదు. అప్పటికే అలలు తిరిగిన బార్డరు చట్రం మీదికి వస్తే, వదులును గుండుసూదులతో చిన్న చిన్న భాగాలుగా పంచి, ఆవిరి ఇస్త్రీతో కొంత కుదించి, మిగిలినది నడుమ దూదికి బదులు వేసిన ఉబ్బెత్తు ఉన్ని పొరలో ఇమిడిపోయేలా కుట్టవచ్చు. ఒకటిన్నర అంగుళాల వదులును మాత్రం ఏ కుట్టూ పూర్తిగా దాచలేదు. బార్డరును విప్పి మళ్లీ కొలిచి వేయడమే అక్కడ నిజాయితీగల పని.

క్విల్ట్‌ను చట్రం నుంచి దించాక దాని రెండు మూలగీతలను కొలవాలి. ఎదురెదురు పక్కలు సమానమై, మూలగీతలు కూడా సమానమైతేనే మూలలు లంబంగా ఉన్నట్టు. స్వల్ప తేడా ఉంటే క్విల్ట్‌ను తడిపి, చదునైన చోట పరచి, కొలత ప్రకారం సూదులతో నిలిపి ఆరబెడతారు. పూర్తిగా ఆరిన తరువాతే పెద్ద చతురస్రపు స్కేలును మూలకు ఆనించి అంచులు కత్తిరిస్తారు. బైండింగు పట్టీని కూడా బార్డరులాగే ఎక్కడా సాగదీయకుండా కుట్టాలి; పట్టీ బిగిస్తే అంచు కుచించుకుని మూలలు లోపలికి ముడుచుకుంటాయి.