రంగుకొక నిరోధం: పెద్దగట్టు జాతర దీపాలంకరణ నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

సూర్యాపేట జిల్లా చివ్వెంల మండలంలోని దురాజ్‌పల్లి పెద్దగట్టుపై రెండేళ్లకొకసారి మాఘమాసంలో లింగమంతులస్వామి జాతర ఐదు రోజులపాటు జరుగుతుంది. గొల్లగట్టు జాతర అని కూడా పిలిచే ఈ ఉత్సవాన్ని తెలంగాణలో మేడారం తరువాత అంతటి జాతరగా చెబుతారు. కేసారం నుండి వచ్చే దేవరపెట్టె, భేరీల మోత, ‘ఓ లింగా’ అనే పిలుపు, చంద్రపట్నం వంటి అంశాలపైనే జానపద పరిశోధకుల చూపు సహజంగా నిలుస్తుంది. అయితే జాతర రాత్రిపూట కూడా సాగేది కనుక, గట్టును కనిపించేలా చేసే దీపాలకూ ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రలో రంగురంగుల ఎల్‌ఈడీలు చేరిన దశలో, అంతకుముందు అలంకరణ పనివారికి అంతగా పట్టని ఒక చిన్న వస్తువు ప్రధానమైంది. అదే రెసిస్టర్, తెలుగులో నిరోధకం.

తనను తాను కాచుకున్న దీపం

కాగడాలు, పెట్రోమాక్స్ లైట్ల తరువాత తెలుగునాట పందిళ్లకు, గుళ్లకు సీరియల్ సెట్లు వచ్చాయి. ఆరు ఓల్టుల చిన్న బల్బులను దాదాపు 38 వరకు ఒకే తీగకు వరుసగా కలిపితే 230 ఓల్టుల సరఫరాను అవి తమలో తాము పంచుకునేవి. ఒక్కటి మాడితే వరుసంతా చీకటి. అప్పుడు నిచ్చెన మీద నిలబడి ఒక్కొక్క బల్బునూ తీసి చూడవలసిందే. ఆ బల్బుల రంగు కాంతిది కాదు, గాజుకు పూసిన పూతది. ఎరుపు బల్బులోనూ నీలం బల్బులోనూ వెలిగేది ఒకే రకం టంగ్‌స్టన్ తీగ. కనుక విద్యుత్తు దృష్టిలో రంగుల మధ్య భేదం లేదు.

ఇక్కడ గమనించవలసిన విషయం మరొకటి ఉంది. టంగ్‌స్టన్ తీగ వేడెక్కేకొద్దీ దాని నిరోధం ఎన్నో రెట్లు పెరుగుతుంది, అందువల్ల కరెంటు అదుపులో ఉంటుంది. అంటే నిరోధకం దీపంలోనే ఇమిడి ఉంది. ఎల్‌ఈడీ స్వభావం దీనికి విరుద్ధం. నిర్ణీత ఓల్టేజి దాటితే అందులో కరెంటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. వేడెక్కితే ఆ హద్దు ఇంకా కిందికి దిగి, కరెంటు మరింత పెరుగుతుంది. కాబట్టి కాపుదల బయటినుంచి రావాలి. దీపంలో కలిసి ఉన్న నిరోధం విడివస్తువుగా బయటికి వచ్చిన సందర్భం ఇది.

రంగుల రాకలో ఎడం

1907లో హెన్రీ రౌండ్ సిలికాన్ కార్బైడ్ స్ఫటికం విద్యుత్తుతో వెలగడాన్ని గుర్తించాడు. 1962లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో నిక్ హోలోన్యాక్ కంటికి కనిపించే ఎర్రని ఎల్‌ఈడీని రూపొందించాడు. ప్రకాశవంతమైన నీలం కోసం 1993 వరకు, షూజీ నకమురా కృషి ఫలించేవరకు, ఆగవలసి వచ్చింది. దానికి బాట వేసిన అకసాకి, అమానోలతో పాటు నకమురా 2014లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్నాడు. ముప్పయ్యేళ్ల ఈ ఆలస్యానికి గాలియం నైట్రైడ్ స్ఫటికాలను పెంచడంలోని కష్టం ప్రధాన కారణం. నీలి కాంతి కణానికి ఎర్రని కాంతి కణం కంటె శక్తి ఎక్కువ. అందుచేత ఎరుపు ఎల్‌ఈడీ సుమారు 2 ఓల్టుల వద్ద వెలిగితే, నీలానికీ నేటి ఆకుపచ్చకూ 3.2 ఓల్టుల దాకా కావాలి. రంగు ఇప్పుడు పూత కాదు, పదార్థపు గుణం.

1827లో ఓమ్ ప్రకటించిన సూత్రమే ఎంపికకు ఆధారం. సరఫరా ఓల్టేజి నుండి దీపం ఓల్టేజిని తీసివేసి, మిగిలినదానిని కావలసిన కరెంటుతో భాగించాలి. 5 ఓల్టుల సరఫరాకు, 20 మిల్లీ ఆంపియర్లకు ఎరుపు ఎల్‌ఈడీతో 150 ఓమ్‌లు వస్తాయి. నీలంతో వచ్చేది 90 మాత్రమే. అంగట్లో దొరికే వాటిలో 100 తీసుకోవడం క్షేమం. ఖర్చు తగ్గుతుందని మూడు రంగులనూ పక్కపక్కనే కలిపి, ఉమ్మడి కాలుకు ఒకే నిరోధకం పెడితే, తక్కువ ఓల్టేజికే తెరుచుకునే ఎరుపు కరెంటంతా తీసుకుంటుంది. తక్కిన రెండూ ఉన్నా లేనట్టే.

పట్టీ మీది అంకెలు

12 ఓల్టుల రంగుల పట్టీలో మూడేసి దీపాలకు ఒక ఖండం ఉంటుంది. చాలా పట్టీలలో ప్రతి ఖండం మీదా మూడు నల్లని గింజలు కనిపిస్తాయి. ఒకదానిపై 331, రెండింటిపై 151 అని ఉంటుంది. వీటిని మూడువందల ముప్పయ్యొకటి, నూటయాభయ్యొకటి అని చదవకూడదు. చివరి అంకె సున్నాల సంఖ్య. కనుక అవి 330, 150 ఓమ్‌లు. మూడు ఎరుపులకు 6 ఓల్టులు పోగా 6 మిగులుతాయి. 330 ఓమ్‌ల గుండా 18 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తాయి. మూడు నీలాలకు 9.6 పోగా మిగిలేది 2.4, కరెంటు 16.

జాతర పనిలో చిక్కు వచ్చేది ఈ 2.4 దగ్గరే. పొడవైన పట్టీ వెంట రాగి పలుచనై, చివరికి చేరేసరికి ఓల్టేజి 10.5కు పడిందనుకుంటే, లెక్క ప్రకారం ఎరుపు వరుసలో కరెంటు దాదాపు 14 దగ్గర నిలుస్తుంది. నీలం, ఆకుపచ్చలలో 6కు జారుతుంది. మొదట తెల్లగా ఉన్న తోరణం చివర ఎర్రబారడానికి కారణం ఇదే. సరుకు నాసిరకమని అమ్మినవారిని, కట్టడం రాలేదని పనివాడిని నిందించడం పరిపాటి. కొన్నిచోట్ల కూలి కూడా కోస్తారు. నిజానికి రెండు చివరలనుంచీ సరఫరా ఇస్తే దోషం చాలావరకు తొలగుతుంది. నిరోధకం తగ్గించి సరిచేయబోతే ముందువరుస దీపాలు మాడుతాయి. అదే పట్టీని ఇంజన్ నడుస్తున్న ట్రాక్టరు బ్యాటరీకి కలిపితే చిక్కు తిరగబడుతుంది. 14 ఓల్టుల వద్ద ఎరుపులో 24, నీలంలో 29 మిల్లీ ఆంపియర్లు. ఈసారి ముందు దెబ్బతినేది నీలం. అక్కడ ఓల్టేజిని 12 వద్ద నిలిపే రెగ్యులేటరు ఉండాలి. అది లేనిచోట 151 స్థానంలో 221 గింజ ఉన్న పట్టీ అయితే, నీలపు కరెంటు 20 దగ్గర ఆగుతుంది.