ప్రత్యేక అవసరాలు గల విద్యార్థుల పాఠశాల రికార్డులు – నిర్వహణ విధానం

ప్రత్యేక అవసరాలు గల బాలబాలికలకు చట్టం కల్పించిన సదుపాయాలు సకాలంలో అందవలెనన్న వారి రికార్డులు సక్రమంగా ఉండుట అవసరం. ప్రాథమిక పాఠశాల నుండి ఉన్నత పాఠశాలకు మారునప్పుడు బదిలీ పత్రం విద్యార్థి వెంట వెళ్ళుచున్నది. ఏ బోధనా పద్ధతి ఉపకరించినదీ, ఏ పరికరం అందినదీ తెలుపు కాగితాలు పాత పాఠశాల బీరువాలోనే మిగిలిపోయినచో, కొత్త ఉపాధ్యాయుడు మొదటి నుండి ప్రారంభించవలసి వచ్చును. ఆ మేరకు విద్యార్థి విలువైన కాలాన్ని కోల్పోవును.

చట్టపరమైన ఆధారం

2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం, 2016, 21 రకాల వైకల్యాలను గుర్తించినది. 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం గల 6–18 సంవత్సరాల పిల్లలకు 31వ సెక్షన్ ఉచిత విద్యా హక్కును ఇచ్చుచున్నది. ప్రతి దివ్యాంగ విద్యార్థి ప్రగతిని పర్యవేక్షించవలెనని 16వ సెక్షన్ నిర్దేశించుచున్నది. పరీక్షలలో అదనపు సమయం, స్క్రైబ్ సహాయం, ద్వితీయ, తృతీయ భాషల నుండి మినహాయింపు 17వ సెక్షన్‌లో ఉన్నవి. తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం గల పిల్లలు ఇంటి వద్దనే విద్యను ఎంచుకొనుటకు విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ వీలు కల్పించినది.

ఫైలులో ఉండవలసినవి

1. జనన ధ్రువపత్రం, ఆధార్, పాఠశాల ప్రవేశ వివరాలు. పేరు, పుట్టిన తేదీ అన్నింటా ఒకే విధంగా ఉండవలెను.

2. సదరం ధ్రువపత్రం, యుడిఐడి కార్డు, వైద్య నివేదికలు. తాత్కాలిక ధ్రువపత్రమైనచో గడువు తేదీని ఫైలు అట్టపై వ్రాయవలెను.

3. వ్యక్తిగత విద్యా ప్రణాళిక, ప్రగతి పత్రాలు, విద్యార్థి వ్రాతపని నమూనాలు.

4. భవిత కేంద్రంలో పొందిన బోధన, ఫిజియోథెరపీ వివరాలు, ఉపకరణాలు అందిన తేదీలు.

5. దరఖాస్తుల నకళ్ళు, రసీదులు, అధికారుల ఉత్తర్వులు.

అమర్చు పద్ధతి

ప్రతి విభాగంలో కాగితాలను తేదీల వారీగా, తాజాది పైన ఉండునట్లు అమర్చి, మొదటి పేజీలో విషయసూచిక ఉంచవలెను. అసలు ధ్రువపత్రాలు తల్లిదండ్రుల వద్దనే ఉంచుకొని, కార్యాలయాలకు జెరాక్స్ ప్రతులు ఇచ్చి రసీదు పొందుట మేలు. ఉపాధ్యాయులతో జరిగిన ముఖ్య సంభాషణల సారాన్ని తేదీతో సహా వ్రాసి ఉంచుకొనవలెను.

పదవ తరగతి పబ్లిక్ పరీక్షల సదుపాయాలకు ప్రధానోపాధ్యాయుని ద్వారా ముందుగా దరఖాస్తు చేయవలసి ఉండును. కావున తొమ్మిదవ తరగతిలోనే ధ్రువపత్రాల గడువును, పేరు, పుట్టిన తేదీలలోని తేడాలను సరిచూచుకొనుట మంచిది. పరీక్షల వేళ బయటపడిన లోపాన్ని సవరించుటకు వ్యవధి చాలకపోవచ్చును.

గోప్యత

వైద్య వివరాలు విద్యార్థి స్వవిషయాలు. బోధనతో సంబంధం గల సిబ్బందికే అవి అందుబాటులో ఉండవలెను. నోటీసు బోర్డులపై ప్రదర్శించరాదు. పత్రికలు సైతం పిల్లల పేర్లు, ఫోటోలు, వైకల్య వివరాలు ప్రచురించు విషయంలో సంయమనం పాటించుట సముచితం.

విద్యార్థి పాఠశాల విడిచి వెళ్ళు రోజున బదిలీ పత్రంతో పాటు విద్యా ప్రణాళిక, ప్రగతి నివేదికల ప్రతులను కూడా తల్లిదండ్రులకు అందజేసినచో, తదుపరి పాఠశాలలో సేవలు ఆటంకం లేకుండా కొనసాగుటకు వీలగును.