రూపాయికి అణా – లోకల్ ఫండు దవాఖానాల కథ

కొన్ని సంవత్సరాల క్రితం, ఉచిత వైద్యశాలకు మందుల ఖర్చులో కొంత సాయం చేయమని అడుగుతూ మేము నలుగురం ఒక పురపాలక కార్యాలయానికి దరఖాస్తు పట్టుకెళ్లాం. అక్కడి గుమాస్తాగారు కాగితం చూసి, "మీవాళ్లకు జకాతు వుంది కదండీ, మళ్లీ మున్సిపాలిటీ డబ్బెందుకు?" అన్నారు. ఆయనలో ద్వేషం లేదు, నిజంగానే అడిగారు. మాకే జవాబు తోచలేదు. ఆ జవాబు మన జిల్లాల చరిత్రలోనే వున్నదని తరువాత తెలిసింది.

మా చిన్నప్పుడు పెద్దవాళ్లు "ఎల్లెఫ్ డిస్పెన్సరీ" అంటుంటే అది డాక్టరుగారి ఇంటిపేరేమో అనుకునేవాణ్ణి! ఎల్లెఫ్ అంటే లోకల్ ఫండు. 1871లో మద్రాసు రాజధానిలో లోకల్ ఫండు చట్టం వచ్చింది. భూమి రాబడిపై రూపాయికి అణా మించకుండా సెస్సు వసూలు చేసి, దానితో రోడ్లు, బళ్లు, దవాఖానాలు, టీకాలు నడపాలన్నారు. పట్టణాలకు అదే సంవత్సరం వేరొక చట్టం చేశారు. 1884 చట్టంతో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు ఏర్పడ్డాయి. అణా ఇచ్చేవాడు ఏ మతంవాడని ఎవరూ అడగలేదు; అలాగే మందు సీసా పట్టుకుని వరుసలో నిలుచున్నవాణ్ణీ అడగలేదు. అది దానధర్మం కాదు, రైతు కట్టిన సొమ్మే మందుగా తిరిగి వచ్చేది.

(నిజాం రాజ్యంలో సంగతి వేరు. అక్కడ యునానీ దవాఖానాల పోషణ ముఖ్యంగా సర్కారు ఖజానా నుంచే జరిగేది. చార్మినారు దగ్గరి పెద్ద దవాఖానా మన పాఠకులలో చాలామంది చూసిందే.)

ఈ చరిత్రలో మనం మరచిపోకూడని పేరు జనాబ్ మహమ్మద్ ఉస్మాన్ గారిది. పానగల్ రాజావారి మంత్రివర్గ కాలంలో, 1921లో, దేశీయ వైద్య పద్ధతుల విచారణకు ఆయన అధ్యక్షతన ఒక సంఘాన్ని వేశారు. డాక్టర్ జి. శ్రీనివాసమూర్తి గారు దానికి కార్యదర్శి. వైద్యులు, హకీములు ఉర్దూ, తెలుగు, తమిళం వగైరా భాషలలో సాక్ష్యమిచ్చారు. 1923లో నివేదిక వచ్చింది. ఆయుర్వేద, సిద్ధ, యునానీ పద్ధతులకు శాస్త్రీయమైన పునాది వున్నదని తేల్చింది. 1925లో మద్రాసులో మూడింటినీ నేర్పే ప్రభుత్వ పాఠశాల వెలసింది. ప్రజల సొమ్ముతో నడిచే వైద్యంలో హకీముగారికీ చోటుండాలన్న మాటకు అంతటి బలం మునుపు లేదు.

1924లో మరొక పథకం పెట్టారు. పల్లెలో కాపురముండే డాక్టరుకు సాలీనా కొంత భత్యం ఇస్తారు. బీదలకు ఆయన ఉచితంగా చూడాలి, కలిగినవారి వద్ద ఫీజు తీసుకోవచ్చు. ఆలోచన మంచిదే గాని, పూర్తి జీతగాడు కాని డాక్టరు ఫీజు ఇచ్చేవాడి ఇంటివైపే మొగ్గడంలో వింతేముంది?

అసలు విశేషం 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం. ప్రభుత్వ గ్రాంట్లు పోను మిగిలిన ఆదాయంలో పురపాలక సంఘాలు 30 శాతానికి, జిల్లా బోర్డులు పన్నెండున్నర శాతానికి తగ్గకుండా ప్రజారోగ్యానికి కేటాయించి తీరాలన్నది. అంటే లక్ష రూపాయల సొంత రాబడి వున్న పట్టణం ముప్పయి వేలు పక్కన పెట్టాలన్నమాట. కౌన్సిలర్ల దయ మీద వదలకుండా చట్టంలోనే అంకె వేశారు. 1946లో భోర్ కమిటీ ఈ అంకెలనే దేశమంతటికీ సిఫారసు చేసింది. అయితే పన్నులు సరిగా వసూలుకాని ఊళ్లో 30 శాతమైనా ఎంతవుతుంది? ఆ బలహీనత చట్టంతో తీరేది కాదు.

1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చి జిల్లా బోర్డుల కాలం ముగిసింది. ఆసుపత్రులు మెల్లగా ప్రభుత్వ శాఖల చేతికి పోయాయి. జనం కూడా "మున్సిపాలిటీ అంటే చెత్త, దీపాలు" అనుకోసాగారు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థల విధుల పట్టికలో ప్రజారోగ్యాన్ని మళ్లీ చేర్చింది. 2021–26 సంవత్సరాలకు పదిహేనవ ఆర్థిక సంఘం స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 70,051 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది.

జకాతు మనం ఇచ్చేది, ఇస్తూనే వుంటాం. ఇంటిపన్ను, నీటిపన్ను కూడా కడుతూనే వున్నాం కదా! నాటి దరఖాస్తు నకలు సంఘం బీరువాలోనే వుంది. ఈసారి దానికి రెండు పన్ను రశీదులు జతచేసి తీసుకువెళ్దామని అనుకుంటున్నాం.