గుంత తవ్వినోళ్ల చరిత్ర

ఊళ్లో ఎవరి ప్రాణం పోయినా కబురు మొదట మా మాదిగ గేరికే వచ్చేది. పలక కొట్టేది పక్కింటోళ్లు. గుంత తవ్వేది మా పెదనాయన. నలభై ఏండ్లు తవ్వినాడు.

మా అనంతపురం నేల సంగతి మీకు తెలిసిందే. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్లే. మూరెడు లోతు దిగితే గరుసు. ఎండాకాలం ఒక్క గుంతకు పొద్దంతా పట్టేది. ఇచ్చేదేమి? కల్లం కాడ రెండు చేటల గింజలు, పీనుగు మీది గుడ్డ. ఆ గింజలకు మేర అని పేరు. కరువొచ్చి పంట పోతే మేరా పోయేది. చావులు మాత్రం ఆగవు కదా!

1876-78 ధాత కరువులో దక్షిణాన లక్షల మంది చచ్చిపోయినారని పుస్తకాల్లో ఉంది. అప్పుడు మా సీమ బళ్లారి జిల్లా కింద ఉండేది. అనంతపురం 1882లో వేరయింది. ఆ శవాలను పూడ్చిన చేతులు ఎవరివో ఏ పుస్తకంలోనూ నాకు కనపడలేదు.

ఊళ్లో హరిశ్చంద్ర నాటకం ఆడితే కాటిసీనుకు ఈలలే ఈలలు. ఆ సీన్లో పాడే పద్యాలు కొన్ని మన జాషువావి. రాజు కాటికాపరి వేషం కడితే ఊరంతా కండ్లనీళ్లు పెట్టుకునేది. నిజం కాటికాపరి మాత్రం అందరి వెనక, దూరంగా, నేల మీద.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపినారు. ఆ వార్త మా గేరికీ చేరింది. మరుసటేడు ఒక పెద్దరైతు ఇంట్లో చావు. పెదనాయన గడ్డపార ముట్టలేదు.

"గింజలొద్దు సామీ. రొక్కమియ్యండి."

"ఏమిరా, పీనుగు మీద బేరమా?"

"బేరం కాదు సామీ, కూలి."

వాళ్ల పిల్లోళ్లే పార పట్టినారు. గరుసు తగిలినాక నిలబడిపోయినారు. పొద్దు వాలే యాళకు రొక్కం వచ్చింది. ఆ ఏడు శెనిక్కాయ పనికి మా ఇంటోళ్లను ఒక్కరూ పిలవలేదు. రెండు నెలలు సంగటికి కటకట. అయినా పెదనాయన మళ్లీ మేరకు గుంత తవ్వలేదు.

శ్మశానం వాడుకోనియ్యకపోవడం నేరమని 1955 చట్టమే చెప్పింది. మా చేత గుంతలు తవ్వించడం అత్యాచారమని మాత్రం 1989 చట్టానికి 2015లో చేసిన సవరణ దాకా ఎవరూ రాయలేదు. అది 2016 జనవరి 26 నుంచి అమలైంది. పెదనాయన నోరు తెరిచిన ముప్పై ఏండ్లకు.

చట్టం కంటే ముందు, చట్టం తెలియకుండా, ఆకలికి సిద్ధపడి ఆ మాట అన్నోళ్లు ఎన్ని గేరుల్లో ఉన్నారో. మా గేరిలో ఒకడున్నాడని నేను రాసి పెడుతున్నా.