బుర్రో శబ్దము: ధ్వనిసామ్యము, వ్యుత్పత్తిభేదము

ఇటాలియను భాషలో 'బుర్రో' యనగా వెన్న. స్పానిషు, పోర్చుగీసు భాషలలో గాడిద. ఈ మూడును లాటిను సంతతికి చెందిన భాషలు. కావున నొకే పదము దేశాంతరముల నర్థభేదము నొందినదని తోఁచుట సహజము. కాని శబ్దచరిత్ర మందుల కంగీకరింపదు.

వెన్నను దెలుపు పదమునకు మూలము గ్రీకు. ఆ భాషలో 'బూస్' ఆవు, 'త్యూరోస్' జున్ను. ఈ రెంటి సమాసమే లాటినున 'బుత్యూరుమ్' అయ్యెను. రోమనులు ప్రధానముగా ఆలివునూనె వాడువారు; క్రీ.శ. 79లో మృతుఁడైన ప్లినీ తన 'ప్రకృతిచరిత్ర'లో వెన్నను అనాగరకజాతుల యాహారముగాఁ బేర్కొనెను. ఈ లాటినుపదమున నడిమి యచ్చు లోపింపఁగా తకార రేఫములు గలిసినవి. అట్టి 'త్ర'లోని తకారము ఫ్రెంచిభాషలో నశించును, ఇటాలియనులో నిలుచును. ఱాయి యను నర్థముగల లాటిను 'పెత్ర' ఫ్రెంచిలో 'పియేర్', ఇటాలియనులో 'పియెత్ర' యగుటయే యిందులకు నిదర్శనము. 'బుర్రో'లో తకారము లేదు. కనుక నది యిటలీలో స్వతస్సిద్ధముగాఁ బరిణమించినది గాదు. ప్రాచీన ఫ్రెంచి 'బుర్రె' నుండి యెరువు దెచ్చుకొనఁబడినది.

గాడిదను దెలుపు పదమునకు మూలము వేఱు. అర్వాచీన లాటినున 'బుర్రికుస్' అనఁగాఁ జిన్నగుఱ్ఱము. దానినుండి స్పానిషున 'బొర్రికో' పుట్టెను. ఆ భాషలో 'ఇకో' అల్పార్థక ప్రత్యయము. పదాంతమున నున్న దానిని బ్రత్యయముగా భావించి ప్రజలు విడువఁగా 'బుర్రో' మిగిలెను. ఇఁక వెన్నకు స్పానిషున 'మంతెకియ్య' యనియు, రుమేనియనున 'ఉంత్' అనియు వేఱు పేళ్లు గలవు. రెండవది పూయఁబడినది యను నర్థముగల లాటిను 'ఉంక్తుమ్' నుండి వచ్చినది.

మన భాషలోను నిట్టి వున్నవి. స్వప్నార్థకమగు 'కల' దేశ్యము. చంద్రుని పదునాఱవ పాలును దెలుపు 'కల' సంస్కృత కలాశబ్దభవము. నిఘంటువున నివి పక్కపక్కనే యుండినను వీని మధ్య బంధుత్వము లేదు.

పదముల పోలిక మాత్రమే ప్రమాణమైనచో తెలుఁగు సంస్కృతజన్యమనుటకు నాధారములు కొల్లలుగా దొరకును. 1816లో ఎల్లిస్ దొర ధాతువులను బరిశీలించి యా వాదమును నిరాకరించెను. ధ్వనిపరిణామ నియమములచే శోధింపక రెండు పదములకుఁ జుట్టఱికము గల్పించువాఁడు వెన్నను గాడిదను నొకయింటఁ బుట్టించినవాఁడగును.